కళ్ళాపి గడ్డకట్టిన రోజు

నేను మహా పిరికిదాన్ని. ఈ ముక్క ముందే చెప్పేస్తే నాకూ తేలిక, చదివేవాళ్ళకీ తేలిక. బల్లి మీద పడితే మూడు రోజులు జ్వరం తెచ్చుకున్న మనిషిని. అలాంటిదాన్ని తీసుకొచ్చి ఎడ్మంటన్‌లో, అదీ డిసెంబర్‌లో, అదీ ఒక బేస్‌మెంట్‌లో పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ ఆన్ అయిన ప్రతిసారీ పక్కగదిలో ఎవరో గొంతు సవరించుకున్నట్టుండేది. చలికి గోడల్లో కర్రలు టప్పుటప్పున చప్పుడు చేసేవి. మా ఆయన ఆఫీసుకి వెళ్ళగానే టీవీ పెట్టేదాన్ని. చూడ్డానికి కాదు, ఇంట్లో ఇంకో మనిషి గొంతు వినబడాలని.

పైన ఇంటి ఓనర్ ఉండేది. డెబ్బై దాటిన ఆవిడ. పేరు పెట్టి పిలవమంది గానీ అంత పెద్దావిణ్ణి పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాక ఆంటీ అనేశాను. క్రెడిట్ హిస్టరీ లేదని, రిఫరెన్స్ లేదని ఊరంతా మాకు మొండిచెయ్యి చూపిస్తే, ఏ ప్రశ్నా వెయ్యకుండా తాళం చేతిలో పెట్టింది ఆవిడే. ఆవిడతో పాటు వాళ్ళ నాన్న. వందకి ఒక్క ఏడు తక్కువ. ఆయన్ని తాతగారూ అనేదాన్ని. అర్థం చెప్పమంటే చెప్పాను. ఇంత వయసొచ్చాక కొత్త ఉద్యోగం దొరికిందని నవ్వారు.

మంగళవారాలు ఆంటీ మోకాలికి ఫిజియోథెరపీ, తర్వాత సరుకులు. ఒంటి గంటకి వెళ్తే ఐదింటికి వచ్చేది. ఆ నాలుగు గంటలూ నేను పైకెళ్ళి తాతగారి దగ్గర కూర్చోవాలి. నాకూ వర్క్ పర్మిట్ రాలేదు, చేసేదేం లేదు, సరే అన్నాను. అన్నాక తెలిసింది, ఆయన దగ్గరున్నవన్నీ నాలాంటివాళ్ళు వినకూడని కథలని.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన బ్రిటిష్ నేవీ. పద్దెనిమిదేళ్ళ కుర్రాడిగా ఒక లైట్ క్రూయిజర్ ఎక్కారు. పెద్ద యుద్ధనౌకలకున్నంత మందంగా ఇనుప తొడుగు ఉండదట దానికి. జోరుగా పోవాలని పల్చగా కడతారట. రష్యా ఉత్తరాన ముర్మాన్స్క్‌కి ట్యాంకులు, తిండిగింజలు మోసుకెళ్ళే సరుకు ఓడలకి కాపలా వీళ్ళు. చలికాలంలో అక్కడ సూర్యుడు రాడు. మధ్యాహ్నం ఓ గంటసేపు బూడిదరంగు వెలుతురు, అంతే. నీళ్ళ కింద జర్మన్ సబ్‌మెరైన్లు, పైన విమానాలు.

“మరి దేనికి ఎక్కువ భయమేసేది, తాతగారూ?” అని అడిగాను ఒకసారి. నాకెందుకు చెప్పండి ఆ ఆరా!

“ఐస్‌కి,” అన్నారు.

అల మీద నుంచి ఎగిరిన తుంపర డెక్ మీద పడేలోపే గడ్డకట్టేదట. ఫిరంగుల మీద, తాళ్ళ మీద, రెయిలింగ్ మీద పొరలు పొరలుగా పేరుకునేది. పైబరువు ఎక్కువైతే ఓడ ఒక పక్కకి ఒరిగాక తిరిగి లేవదు. అందుకని వంటవాడి దగ్గర్నుంచి ఆఫీసర్ దాకా ఖాళీగా ఉన్నవాడల్లా సుత్తి పుచ్చుకుని పైకి రావాల్సిందే, ఐస్ కొట్టాల్సిందే. కొట్టిన చోటే మళ్ళీ పట్టేది. “ఓడ ఒరిగినప్పుడు భయముండదు, అమ్మాయ్. ఒరిగి, అక్కడే కాసేపు ఆగుతుంది చూడు. లేస్తుందా లేదా అని ఏడు వందల మంది ఊపిరి బిగబడతారు. అదీ భయమంటే,” అంటూ అరచేతిని పక్కకి వంచి అలా పట్టుకున్నారు. నేను ఆ చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఎంతకీ లెయ్యదే! ఆ రోజు కిందికెళ్ళి మంచమ్మీద కూర్చుంటే మంచం ఒరుగుతున్నట్టే అనిపించింది.

ఆయన బుర్ర చాలావరకు పాదరసమే. ఎప్పుడైనా ఒక్కోసారి మాత్రం జారేది. అక్టోబర్‌లో ఒక పొద్దున పైజమా మీద వెనక గేటు దాకా వెళ్ళి, ఓడ బయల్దేరిపోతుందని నిలబడ్డారు. ఆంటీ లాక్కొచ్చింది. ఆ రోజే నాతో అంది: “ఇంకోసారి ఇలా చేస్తే నా వల్ల కాదు. వృద్ధుల హోమ్‌లో చేర్పించడం తప్ప దారి లేదు.” అంటూ ఏడ్చింది. తాతగారికీ ఆ మాట తెలుసు. ఈ ఇంట్లోనే పోవాలని ఆయన కోరిక. ఆయనకి మిగిలిన కోరిక అదొక్కటే.

ఇక నా ఘనకార్యం వినండి.

ధనుర్మాసం మొదలైన రోజు, మంగళవారం. ముందు రోజు సాయంత్రమే, మా ఊళ్ళో తెల్లారగానే, మా అమ్మ ఫోన్‌లో వాకిలి చూపించింది. కళ్ళాపి చల్లి, ఆరీ ఆరని నేల మీద పెద్ద ముగ్గు. చూస్తే నాకూ వెయ్యాలనిపించింది. మేం దిగింది బేస్‌మెంట్‌లో, మాకు వాకిలెక్కడ? పైన ఇంటి వెనక డెక్, అదే చెక్క అరుగు, తూర్పు ముఖం. వేసవిలో ఒకటి రెండుసార్లు అక్కడ ముగ్గేస్తే ఆంటీ మురిసిపోయి ఫొటోలు తీసుకుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు వేసుకోమంది. పదకొండు గంటలప్పుడు, బయట మైనస్ ఇరవై నాలుగు, పైన ఆంటీ తాతగారికి స్నానం చేయిస్తోంది, నేను బకెట్‌తో నీళ్ళు పట్టుకెళ్ళి డెక్ మీద కళ్ళాపి చల్లాను.

నవ్వుకోండి, ఫర్వాలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ముగ్గుకి ముందు నీళ్ళు చల్లడమే తెలిసిన చేతులవి. చేతులు చేసేశాయి, బుర్ర తర్వాత వచ్చింది. నీళ్ళు పడ్డవి పడ్డట్టే చిటపటమని గరుకుగా బిగుసుకుపోయాయి. ఆ గరుకు మీద ముగ్గు పడదు కదా! సరి చేద్దామని ఇంకో బకెట్ వేణ్ణీళ్ళు పోశాను. అవీ బిగుసుకున్నాయి, ఈసారి అద్దంలా. రెయిలింగ్ మీదకి చిందినవి సన్నగా వేలాడాయి. నా మొహానికి ముగ్గొకటా అని తిట్టుకుని, మా ఆయన వచ్చాక కొట్టిద్దాంలే అనుకుని కిందికి పోయాను. ఆంటీకి చెప్పలేదు. ఏమంటుందోనని.

ఒంటిగంటకి ఆవిడ ముందు వైపు నుంచే కారెక్కి వెళ్ళిపోయింది. నేను పైకెళ్ళాను. తాతగారు ఎప్పట్లాగే వెనక అద్దాల తలుపు పక్కన కుర్చీలో. నేను వంటగదిలో ఆయనకి సూప్ వేడి చేస్తున్నాను. టక్, టక్, టక్ అని చప్పుడు. గోడల్లో కర్రలే అనుకున్నాను. తర్వాత కాళ్ళకి చల్లగాలి తగిలింది.

వెళ్ళి చూస్తే కుర్చీ ఖాళీ. తలుపు తెరిచుంది. తాతగారు స్వెట్టర్ మీద, మేజోళ్ళ మీద, డెక్ మధ్యలో మోకాళ్ళ మీద కూర్చుని ఎప్పుడు తీసి దాచుకున్నారో గానీ, మాంసం దంచే చెక్క సుత్తితో ఐస్ కొడుతున్నారు.

ఒంటి మీద నైటీ, దాని మీద శాలువా, కాళ్ళకి హవాయి చెప్పులు, అలాగే పరిగెత్తాను. చలి కాదది. ముఖం మీద ఎవరో పలకతో కొట్టినట్టుంది. ఊపిరి పీలిస్తే ముక్కు లోపల వెంట్రుకలు బిగుసుకున్నాయి.

“తాతగారూ, లోపలికి రండి, మీ కాళ్ళు పట్టుకుంటాను!”

“రెయిలింగ్ చూడు ముందు,” అన్నారు, తల ఎత్తకుండా. “పైబరువు ముందు తియ్యాలి.”

“ఓడ లేదు తాతగారూ! ఇది ఇల్లు! యుద్ధం ఎప్పుడో అయిపోయింది!”

“ఐస్ ఉంది కదా,” అన్నారు.

ఉంది మరి. ఏమని చెప్పను! జబ్బ పట్టుకుని లాగబోయాను. నా కాలు సర్రున జారింది. లాగితే ఆయన పడతారు. పడితే తుంటి విరుగుతుంది, అంతటితో సరి. ఫోన్ లోపలుంది. వెళ్ళి 911 కొట్టాలి. కొట్టలేదు. ఎందుకో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. మా పీఆర్ ఫైల్, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండటానికి పెట్టుకున్న అర్జీ, అప్పటికి సగంలో ఉంది. అంబులెన్స్ వస్తుంది, వెనకే పోలీసులు వస్తారు, ఎవరు పోశారీ నీళ్ళని అడుగుతారు, ఎక్కడో రాస్తారు, ఆ రాసింది మా ఫైల్‌లో పడుతుంది. ఒక ముసలాయన నా కళ్ళ ముందు గడ్డకట్టుకుపోతుంటే నేను ఆలోచించింది ఇది. భయం మనిషిని ఎంత నీచానికైనా దింపుతుందని నాకు అప్పుడే తెలిసింది.

బతిమాలాను. తిట్టాను. తెలుగులో కూడా తిట్టాను. ఆయన చేతుల చర్మం ఊదారంగుకి తిరిగింది, దెబ్బ మాత్రం తప్పడం లేదు. ఏం చెయ్యాలో తెలీక, పని అయితే లేస్తారేమోనని రెయిలింగ్‌కి వేలాడేవాటిని వట్టి చేత్తో విరగ్గొట్టబోయాను. కింద ఇనుప కమ్మీకి వేళ్ళు అతుక్కున్నాయి. కెవ్వున అరిచి లాక్కుంటే చర్మం కొంచెం అక్కడే ఉండిపోయింది.

ఆ అరుపుకి ఆయన తలెత్తారు. నా ముఖంలోకి చూశారు. నా చేతి వైపు కాదు, ముఖం వైపే. చూసి, సుత్తి వదిలేసి, కమ్మీ పట్టుకుని లేచి నిలబడ్డారు.

“నీ ముక్కు తెల్లబడింది. కిందికి నడు. వెంటనే.”

నాకేం నొప్పి లేదు. ఆ మాటే అన్నాను. “నొప్పుండదు. అందుకే నడవమంటున్నా,” అని, నన్నే రెండు భుజాలు పట్టుకుని లోపలికి తోసి, తను వెనకే వచ్చి తలుపు వేశారు. నేను పిలిస్తే రాని మనిషి నన్ను లోపల పెట్టడానికి వచ్చారు.

వేణ్ణీళ్ళు వద్దన్నారు, గోరువెచ్చనివి చాలన్నారు. ముక్కు రుద్దుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. ఇద్దరం వంటగది సింక్ దగ్గర గిన్నెల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డాం. ఆయన బుర్ర అప్పుడు స్పష్టంగా ఉంది, నాకంటే ఎక్కువే.

“మేం ఇద్దరేసి వెళ్ళేవాళ్ళం డెక్ మీదకి,” అన్నారు. “ఒకడి ముఖం ఇంకొకడు చూడాలి. తన ముక్కు గడ్డకడుతోందని ఎవడికీ తెలీదు. పక్కవాడు చూసి చెప్తే వెంటనే కిందికి పంపేసేవాళ్ళు. నా జతగాడు నా ఈడువాడే. ఒక మధ్యాహ్నం వాడి బుగ్గ తెల్లబడటం చూశాను.”

గిన్నెలో చేతులు తిరగేశారు.

“చెప్పలేదు. చెప్తే వాడు వెళ్ళిపోతాడు, ఆ చీకట్లో నేనొక్కణ్ణే మిగుల్తాను. భయమేసింది. ఇంకాసేపు చూద్దాం అనుకున్నాను, మళ్ళీ ఇంకాసేపు. వాడి సగం ముఖం నల్లబడిపోయింది. ముర్మాన్స్క్ ఆస్పత్రిలో దించేసి వచ్చాం. పోయాడని తర్వాతి ట్రిప్పులో చెప్పారు.”

“ఇంట్లో తెలుసా?” అన్నాను. తల అడ్డంగా ఊపారు. కూతురికి కూడా చెప్పలేదట.

ఇంత విన్నాక నేనేం చెయ్యాలి? ఐదింటికి ఆంటీ వచ్చింది. అప్పటికి బయట చీకటి, పైగా మూడింటి నుంచి మంచు పడుతోంది. డెక్ అంతా దూదిపరుపులా తెల్లగా ఉంది. ఆయన వేళ్ళ మీద పొక్కులు చూసి ఆవిడ కేకేసింది. “డెక్ మీద ఐస్ పట్టింది. కొట్టాను,” అన్నారాయన. ఆవిడ లైటు వేసి అద్దంలోంచి చూసింది. మంచు తప్ప ఏం లేదు. నా వైపు తిరిగింది.

“నేను సూప్ వేడి చేస్తున్నా ఆంటీ. ఈలోపు తలుపు తీసుకుని వెళ్ళిపోయారు,” అన్నాను.

ఒక్కటీ అబద్ధం కాదు. ఆవిడ నన్ను గట్టిగా కావిలించుకుని, నువ్వు లేకపోతే మా నాన్న ఉండేవాడు కాదంది. ఆవిడ భుజం మీద నుంచి చూస్తే తాతగారు నన్నే చూస్తున్నారు. అడగడం లేదు, ఎదురుచూస్తున్నారు. నేను తల తిప్పేసుకున్నాను.

రాత్రి మా ఆయనకి చెప్పాను. “పీఆర్ వచ్చేదాకా నోరెత్తకు,” అన్నాడు. మర్నాడు ఆంటీ తాతగారిని క్లినిక్‌కి తీసుకెళ్ళగానే ఇద్దరం పైకెళ్ళి, మంచు తోసి, ఆ ఐసంతా గడ్డపారలాంటి దాంతో కొట్టి, ముక్కలు కంచె వెనక పారేశాం. ఒక్క పలుకు మిగలకుండా ఊడ్చాను. అంత శుభ్రంగా నా ఇల్లు కూడా ఎప్పుడూ ఊడ్చుకోలేదు.

పొక్కులు మానిపోతాయన్నారు డాక్టరు. బుర్ర సంగతి మాత్రం చూడాలన్నారు. శుక్రవారం క్లినిక్ నుంచి ఒకావిడ ఇంటికొచ్చి ఆయన్ని ప్రశ్నలడిగి, హోమ్‌కి పంపాలో లేదో రాస్తుందని ఆంటీ చెప్పింది. ఆ రెండు రోజులూ నేను ఏదో వంకన పైకెళ్తూనే ఉన్నాను, ఓసారి పప్పు పట్టుకుని, ఓసారి చారు పట్టుకుని. చెబుదామని వెళ్ళడం, చెప్పకుండా దిగడం. బుధవారం సాయంత్రం ఆయన కూతుర్ని అడుగుతుంటే విన్నాను: “నిజంగా ఐస్ లేదా?” “లేదు నాన్నా.” గురువారం కుర్చీ గోడ వైపు తిప్పుకున్నారు. సూప్ ఇస్తుంటే మెల్లిగా అన్నారు, “నాకు ఏది నిజమో తెలియడం లేదమ్మాయ్. అసలు ఆ ఓడైనా ఉందో లేదో.”

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. చెప్తే ఇల్లు పోతుంది, ఈ చలిలో వీధిలో పడతాం. పీఆర్ పోతుంది. మా ఆయన క్షమించడు. చెప్పకపోతే ఏమీ పోదు, నాకు.

శుక్రవారం పదింటికి ఆ వచ్చినావిడ డైనింగ్ టేబుల్ మీద కాగితాలు పరిచింది. మంచి మనిషే, నెమ్మదిగా అడిగింది. “మంగళవారం బయటికి ఎందుకు వెళ్ళారు?”

“ఐస్ ఉందనుకున్నాను,” అన్నారు తాతగారు. ఉందని అనలేదు.

ఆవిడ రాసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది. “ఆ సమయంలో మీరున్నారు కదా. ఆయన అయోమయంలో ఉన్నారని మీకు అనిపించిందా?”

అవునంటే చాలు, అరక్షణం పని.

“ఐస్ ఉంది,” అన్నాను. “నేనే పోశాను. రెండు బకెట్ల నీళ్ళు. ముగ్గు కోసం. మర్నాడు మేమే కొట్టి పారేశాం.” ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా వచ్చింది. ముగ్గంటే ఏంటో, నీళ్ళెందుకో, అంతా తలకిందులుగా చెప్పేశాను, ఏడుస్తూ.

ఆంటీ ముఖం ఎర్రగా అయిపోయింది. నీళ్ళు పోసినందుకు కాదు. “మూడు రోజులు,” అంది. “మూడు రోజులు మా నాన్నకి పిచ్చెక్కిందని నేను ఆయనకే చెప్పాను. ఆయన నమ్మాడు. నువ్వు పైకొచ్చి పప్పులిచ్చి వెళ్ళావు.” ఆ వచ్చినావిడ కలం మూత పెట్టి కాగితాలు బ్యాగులో సర్దుకుంది. హోమ్ మాట ఆ చలికాలం మళ్ళీ రాలేదు. మమ్మల్ని పొమ్మనీ అనలేదు. ఆంటీ నాతో మాట్లాడటానికి మాత్రం మార్చి దాకా పట్టింది.

అదంతా తర్వాత సంగతి. అప్పుడు, ఆ టేబుల్ దగ్గర, తాతగారు నా వైపు వంగారు. “ఉందా? ఐస్ నిజంగా ఉందా?”

“ఉంది తాతగారూ.”

“డెక్ మీదా, కమ్మీల మీదా?”

“రెండింటి మీదా ఉంది. మీరు చూసింది నిజం.”

పెద్ద ఊపిరి వదిలి వెనక్కి వాలారు. ముఖంలో వెలుగొచ్చింది. అమ్మయ్య, బతికించావురా దేవుడా అనుకున్నాను. అంతలోనే ఆ వెలుగు పోయింది. పొక్కుల చేతుల్తో ముఖం కప్పుకున్నారు.

“అయితే వాడూ నిజమే,” అన్నారు. “ఈ మూడు రోజులూ, ఐస్ లేదంటే వాడు కూడా లేడేమో, నేనేం చెయ్యలేదేమో అనుకున్నాను.”

“ఎవడు నాన్నా?” అంది ఆంటీ.

ఆయన వేళ్ళ సందుల్లోంచి నన్ను చూశారు. ఆంటీ కుర్చీ దగ్గరికి జరుపుకుని మళ్ళీ అడిగింది. తాతగారు చేతులు కిందికి దించి, తన జతగాడి బుగ్గ తెల్లబడిన ఆ మధ్యాహ్నం గురించి కూతురికి మొదటిసారి చెప్పడం మొదలుపెట్టారు.